‘ఘంటసా లెగిరిపోయె’: ఒక తేటగీతికి టీకా తాత్పర్యములు

మూలము

తే. ఊరు గుడివాడ; యింటిలో నుండె పెట్టె;
పట్నమున నుండు కొడుకుది పాటపద్దు;
వాడు జిమ్ములో నొకపాట పలుకఁజేయ
నిచట తాతకు ఘంటసా లెగిరిపోయె.

అవతారిక

మెదకు సీమ కొలచారానికి చెందిన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి టీకలు రాశాడు. అలాంటి ప్రతిజ్ఞ చెల్లాలంటే చేతిలో కాళిదాసు ఉండాలి. మన చేతిలో ఉన్నది గుడివాడలో ఒక హాలు, టీవీ పక్కన ఒక స్మార్ట్ స్పీకరు, దానికెదురుగా పడక్కుర్చీలో ఒక తాత. కాబట్టి అక్కర్లేనివి కొన్ని చెప్పక తప్పదు.

కవి పేరు తెలియదు. పద్యం వాట్సాప్‌లో దొరికింది, పంపినవాడు తాను రాయలేదని ఒట్టు పెట్టుకున్నాడు. దిగువ కృష్ణ వాడేనని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. ఘంటసాల అంటే ఎవరో చెప్పాల్సిన పని లేదన్న ధీమా పద్యమంతా కనబడుతోంది. సందర్భం: తెల్లవారి ఆరు గంటలు. తాత పాట అడిగాడు. పల్లవి అయింది, చరణం ఎత్తుకుంది, అక్కడ తెగింది.

ప్రతిపదార్థము

ఊరు = నివాసస్థానము; గుడివాడ = గుడివాడయే. ఇందులో విప్పవలసిన ముడి లేదు. అయినా ఒక మాట. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న పుట్టిన చౌటపల్లి ఈ గుడివాడ దగ్గరిదే. ఆ గొంతు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, మద్రాసులో సినిమాలకు పాడి, రికార్డులకెక్కి, చివరికి ఏ దేశంలోనో సర్వర్లలో చేరి, అక్కడినుంచి పుట్టినూరి పక్కకే తిరిగి వస్తోంది. ఇంత చుట్టుతిరుగుడు కవికి తెలిసే ‘ఊరు’తో పద్యం ఎత్తుకున్నాడని మా అభిప్రాయం.

ఇంటిలోన్ = గృహమందు; ఉండె = ఉండెను; పెట్టె = పేటిక.

పెట్టె అనగా రేడియో అని పాత వ్యాఖ్య. అది పొసగదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్నుంచి ఈ సీమలో తెల్లవారడం రేడియో చేతిలో ఉండేది. బాలమురళీకృష్ణ పూనికతో పేరుకెక్కిన భక్తిరంజని ఒక ఇంట్లో మోగితే వీధంతా వినేది, పంచాయతీ రేడియో మోగితే ఊరంతా వినేది. ఆ పెట్టెలో పాట తెగిందంటే కరెంటు పోయిందనో, స్టేషను వాళ్లే ఆపారనో అర్థం. వేరే ఊళ్లో ఎవడో తన ఫోను మీద వేలు పెడితే తెగడం ఆ పెట్టె ఎరగదు. కనుక ఇక్కడి పెట్టె స్మార్ట్ స్పీకరే. అమెజాన్ ఎకో 2017లోనూ, గూగుల్ హోమ్ 2018లోనూ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. పద్యరచనా కాలం ఆ తర్వాతిదని దీన్నిబట్టి తేలుతుంది.

తాత పెట్టె పిడికిలికన్నా కాస్త పెద్దది. పైన నీలం వలయం వెలిగితే వింటోందని గుర్తు. దుమ్ము పడకుండా మామ్మ దాని మీద పెడన కలంకారీ గుడ్డ కప్పింది. తాత గుడ్డ తీసి, పిలిచి, పాట మొదలయ్యాక మళ్లీ కప్పుతాడు. పెట్టెకో ఆడపేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది. మామ్మ పరాయి ఆడకూతుర్ని ఊరికే పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని చివర ‘అమ్మా’ చేర్చి పిలుస్తుంది. అది పలకదు. “పొగరు” అంటుంది మామ్మ. ఇంగ్లీషులోనో హిందీలోనో అడగాలి కనుక తాత ‘ప్లే’ అన్న ఒక్క మాట ఇంగ్లీషులో అని, మిగతాదంతా తెలుగులో అడుగుతాడు. పాడినవారి పేరు చెబితే వెంటనే అందుకుంటుంది. రాసినవారి పేరు చెబితే తడుముకుంటుంది. వేటూరి సుందరరామమూర్తి, స్వరకర్త సుసర్ల దక్షిణామూర్తి ఇద్దరిదీ దివిసీమ పెదకళ్ళేపల్లి. అలాంటి ఊరున్న జిల్లాలో కూర్చుని వేటూరి పాట అడిగితే పెట్టె మరెవర్నో వినిపించడం తాతకు నచ్చదు. మాకూ నచ్చదు.

ఇక పెట్టెకు పాట చేరే దారులు రెండు. మొదటిది బ్లూటూత్. ఒక డెన్మార్క్ రాజు మారుపేరు దీనికి పెట్టారు. ఇందులో ఫోనే పాటను దించుకుని పెట్టెకు అందిస్తుంది. ఫోను జేబులో వేసుకుని పెరట్లో మందారాల దాకా వెళ్తే పాట గొణుగుడవుతుంది, ఇంకా ముందుకెళ్తే ఆగుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే ఘంటసాల ఆగి, సొసైటీ గుమాస్తా గొంతు హాలంతా మోగుతుంది. రెండో దారిలో ఫోను ఆజ్ఞ ఇచ్చి తప్పుకుంటుంది. పెట్టె వైఫై మీద తనంత తానే సర్వరు నుంచి పాట తెచ్చుకుంటుంది. స్పాటిఫై వారు దీనికి కనెక్ట్ అని పేరు పెట్టారు. కాలువల మీద బతికే సీమ కనుక దృష్టాంతం వెతకనక్కర్లేదు: లస్కరు తలుపెత్తి ఇంటికెళ్లి భోంచేస్తున్నా కాలువ పారుతూనే ఉంటుంది. తేడా ఒకటే, ఈ లస్కరు తూము దగ్గరే ఉండాలన్న నియమం లేదు. హైదరాబాదులో ఉన్నా గుడివాడ తలుపు ఎత్తగలడు, దించగలడు. పద్యంలోని ఉపద్రవానికంతటికీ మూలం ఇదే.

పట్నమునన్ = నగరమందు. ఏ నగరమన్నదే వివాదం. బందరువారు పట్నమంటే మచిలీపట్నమేనంటారు. వారి తాతలు డచ్చివారికీ ఇంగ్లీషువారికీ కలంకారీ అద్దకాలు అమ్మిన రేవు అది, ఆ గర్వం వారికుండాలి. పాతకాలపువారు చెన్నపట్నమంటారు. ఘంటసాల ఉన్నాడు కనుక ఆ అర్థమూ తీసిపారెయ్యదగింది కాదు. కాని పద్యంలో ముందు జిమ్ము వస్తోంది, పైగా కొడుకు సాఫ్ట్‌వేరువాడని సంప్రదాయజ్ఞుల మాట. కనుక హైదరాబాదు.

ఉండు = వసించు; కొడుకుది = పుత్రునికి చెందినది; పాటపద్దు = పాటల ఖాతా, నెలనెలా చందా కట్టి విను హక్కు.

పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది కనుక ఇక్కడ కొంచెం ఆగాలి. పాటకు పద్దు కొత్త సంగతి కాదు. ఒకప్పుడు రేడియోకీ లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. ఆ పుస్తకం ఇంటి పెద్ద పేరున ఉండేది. వివిధభారతి పెట్టాలన్నా, వార్తలు పెట్టాలన్నా, చదువుకునే పిల్లాడున్నాడని ఆపాలన్నా లైసెన్సుదారుదే చివరి మాట. ఈ తాతే ముప్పయ్యేళ్ల వయసులో “రేడియో కట్టెయ్యండ్రా” అని ఆజ్ఞాపించినవాడు. ఇప్పుడు చందా కొడుకు కార్డు మీద పోతోంది, పాస్‌వర్డు కొడుకు దగ్గర ఉంది, పెట్టెకు ‘గుడివాడ హాలు’ అని పేరు పెట్టింది కొడుకే. ఇంట్లో పెద్దరికం ఎటు మళ్లిందో చెప్పడానికి వీలునామా అక్కర్లేదు, పద్దు ఎవరి పేరనుందో చూస్తే చాలు. కవి ‘కొడుకు పద్దు’ అనకుండా ‘కొడుకుది పాటపద్దు’ అని నొక్కి చెప్పడంలో ఈ నిష్ఠురం ఉంది.

ఒంటరి చందాకు శాస్త్రం ఏమంటే, ఒక పద్దుకు ఒకే ధార. అదే ఖాతాతో రెండో చోట పాట మొదలుపెడితే మొదటిచోట ఆగుతుంది. ఎగువ తూము ఎత్తితే శివారు చేను ఎండుతుందని నాగాయలంక, కోడూరు రైతులకు మనం టీక రాసి చెప్పాలా?

మరి కుటుంబ చందా లేదా అని శంక. ఉంది. ఒకే సొమ్ముకు పలువురికి విడివిడి పద్దులు ఇస్తారు. కాని సభ్యులంతా ఒకే చిరునామాలో ఉండాలన్న షరతు చాలా సేవల్లో కనబడుతుంది. గుడివాడ తండ్రీ హైదరాబాదు కొడుకూ ఈ లెక్కన కుటుంబం కారు. ఉమ్మడి కుటుంబానికి మన ధర్మశాస్త్రాలు, మితాక్షర మొదలుకొని, ఇంత ఇరుకు నిర్వచనం ఇవ్వలేదు.

వాడు = ఆ కొడుకు; జిమ్ములోన్ = వ్యాయామశాలయందు; ఒకపాట = ఒకానొక పాట (దాని పేరు చెప్పడానికి కవికి మనసొప్పలేదు); పలుకఁజేయన్ = మోగింపగా; ఇచట = ఈ హాలునందు; తాతకు = తాతకు మాత్రమే. మామ్మకు పోయిందేమీ లేదు. ఆవిడ వంటింట్లో తన ఫోనులో ప్రవచనం వింటోంది.

ఘంటసాల = ఘంటసాల పాట. చల్లపల్లి దగ్గర బౌద్ధస్తూపం బయటపడిన ఘంటసాల అనే ఊరు కూడా ఉంది. ఊరు ఎగిరిపోవడం అసంభవం కనుక గాయకుడే గ్రాహ్యం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తిన తీరు తెలిసినవారు మాత్రం ‘అసంభవం’ అన్న మాట అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎగిరిపోయె = అదృశ్యమాయెను.

తాత్పర్యము

తండ్రి హాలులో మోగుతున్న పాట కొడుకు జిమ్ములో మోగిన పాటవల్ల ఆగిందని భావము.

విశేషములు

చివరి పాదంలో ‘ఘంటసా’ వరకు ఇంద్రగణం, ‘లెగిరి’ దగ్గర సూర్యగణం. గాయకుడి పేరు రెండు గణాల మధ్య రెండుగా తెగింది. సందర్భం తెలియని విమర్శకుడు దీన్ని దోషమనవచ్చు. పాట చరణంలో తెగినట్టే పేరు గణాల సందున తెగింది. యతి సరిగ్గా తెగినచోటే పడింది. ఇది చేయి తిరిగిన పని.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉంటే అసంగతి అని లక్షణం. వేలు తగిలింది హైదరాబాదులో, నిశ్శబ్దం గుడివాడలో. పూర్వకవులు ఈ అలంకారానికి ఉదాహరణల కోసం ఎంతో కల్పించవలసి వచ్చేది. ఇప్పుడు చందా కడితే చాలు, నెలకు ముప్పై దొరుకుతాయి.

ఇదే అలంకారానికి అదే ఇంటి నుంచి మరో ఉదాహరణ. కొడుకు ఒక ఉదయం మంచి ఆలోచన పుట్టి ఘంటసాల భగవద్గీత పెట్టుకోబోయాడు. తెరమీద పరికరాల జాబితా వస్తే తన చెవిలోవి ఎంచుకోబోయి ‘గుడివాడ హాలు’ నొక్కాడు. ఏమీ వినబడకపోయేసరికి శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. మన ఊళ్లలో తెల్లవారుజామున మైకులో ఆ గీత మోగిందంటే ఎవరింట్లోనో మనిషి పోయినట్టు. పక్కింటావిడ చేతిపిండి కడుక్కోకుండానే, “పిన్నిగారూ, ఎంత పనైపోయిందండీ!” అంటూ పరుగెత్తుకొచ్చింది. ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. తీరా చూస్తే అరుగు మీద తాత పేపరు చదువుతున్నాడు. “బాబాయిగారూ, మీరున్నారా!” అన్నాడాయన, సంతోషమో నిరాశో చెప్పరాని గొంతుతో. లోపల మామ్మ పెట్టెను “ఆపమ్మా, ఆపమ్మా” అని బతిమాలుతోంది. ఆవిడ మర్యాద మానలేదు, అది ఆపలేదు. చివరికి తాత వెళ్లి ప్లగ్గు పీకాడు.

అసంగతి తలకిందులైన సందర్భమూ ఉంది, పద్యంలో లేకపోయినా చెప్పాలి. డిసెంబరులో సర్వీసువారు ఏడాదంతా ఎవర్ని ఎక్కువ విన్నారో లెక్క పంపుతారు. కొడుకు ఆఫీసులో అందరూ తమతమ లెక్కలు గ్రూపులో పెట్టారు. ఇతడి లెక్కలో మొదటి పేరు ఘంటసాల, రెండోది పి. లీల. జిమ్ము పాటలు ఎక్కడో అడుగున పడ్డాయి. సొమ్ము కొడుకుది, పద్దులో రాతంతా తండ్రిది. అప్పట్నుంచి ఆ సర్వీసు కొడుకుకు కూడా పనిగట్టుకుని పాతాళభైరవి కాలపు పాటలు సిఫారసు చేస్తోంది. అతడు కసరత్తు మధ్యలో అవి తప్పించుకుంటూ బతుకుతున్నాడు.

ఇక ధ్వని. వాచ్యార్థంలో తాతకు నష్టం. వ్యంగ్యార్థం మామ్మకు తెలుసు. పాట తెగగానే తాత “వీడి దుంపతెగ” అంటాడు. మామ్మ వంటింట్లోంచే “లేచాడన్నమాట” అని పాలగిన్నె పొయ్యిమీద పెడుతుంది. ఆరుంబావు దాటినా పాట తెగకపోతే ఆవిడకు తోచదు. “ఏవండీ, ఇవాళ ఇంకా పాడుతూనే ఉన్నాడేమిటి? వాడికి ఒంట్లో బావుందా, ఫోన్ చెయ్యండి” అంటుంది. తాత పాట ఆపి మరీ ఫోన్ చేయాల్సి వస్తుంది. ఎటు తిరిగీ ఆయన చరణం పూర్తిగా వినే యోగం లేదు.

పాఠాంతరములు

‘జిమ్ములో’ అన్నచోట ‘బస్సులో’ అని బందరు ప్రతి. గణం సరిపోతుంది, అర్థమూ కుదురుతుంది. కాని తెల్లవారి ఆరింటికి ఆ కొడుకు బస్సులో ఉండడానికి పండగ రావాలి.

మూడో పాఠం కొడుకే స్వయంగా ఫోనులో అందజేసినది: ‘ఆఫీసులో’. “నాన్నా, ఆ టైముకి నేను ఆఫీసులో ఉంటాను, పనిచేసుకుంటూ వింటాను” అని అతడి వాదం. ఈ పాఠం అంగీకరించలేము. ‘ఆఫీసులో’ అన్నది ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. అదీగాక ఇద్దరిదీ ఒకే పద్దు కనుక, ఎక్కడ ఏ జాబితా మోగుతోందో తాత ఫోనులోనూ కనబడుతుంది. ఆ పూట తెరమీద ఉన్న జాబితా పేరు ‘లెగ్ డే’. ఆఫీసుల్లో అలాంటి జాబితా పెట్టుకుని పనిచేస్తారని ఏ శాస్త్రంలోనూ లేదు.