కరెంటు పాయె: సటీకా తాత్పర్యము

అవతారిక

మేఘదూతమునకు సంజీవని యను వ్యాఖ్యను సమకూర్చిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రతీతి. ఆ మహానుభావునకు దొరకిన మేఘము యక్షుని సందేశమును మోసెను. మాకు దొరకిన మేఘము మొంథా తుపాను పేర 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురము చేరువ తీరము దాటి, మరునాడు ఓరుగల్లు సీమపై బడి, హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించి వర్షించి, సందేశమునకు మారుగా అంధకారమును ప్రసాదించెను. అట్టి వేళ హసన్‌పర్తిలో నొక యింట, ఫ్యాను ఆగిన మరుక్షణమున, నాయినమ్మ మంచము దిగకయే పలికిన వాక్యమే యీ వ్యాఖ్యకు విషయము.

మూలము

"కరెంటు పాయె! పక్కింట్ల ఉన్నదా సూడు బిడ్డా!"

ప్రతిపదార్థము

కరెంటు = ఉన్నంతసేపు ఎవ్వరికిని జ్ఞప్తికి రాని మహాశక్తి; పాయె = మాటమాత్రమైన చెప్పక వెడలిపోయెను; పక్కింట్ల = గోడ యొక్కటియే అడ్డముగా గల గృహమునందు; ఉన్నదా = కలదా, లేక వారును మనవలెనే అగ్గిపెట్టె వెదకుచున్నారా; సూడు = తలుపు దీసి, వానలోనికి తల మాత్రము చాచి పరిశీలింపుము; బిడ్డా = ఫోనులో టార్చి గలవాడా!

శంక

తన యింట దీపము ఆరగా పొరుగింటి దీపమును గూర్చిన చింత యేల? ఇది అసూయ గాదా?

సమాధానము

కాదు, ఇది శాస్త్రము. పొగను జూచి నిప్పును ఊహించు తార్కికునివలె నాయినమ్మ పొరుగింటి బల్బును జూచి దోషస్థానమును నిర్ణయించుచున్నది. పక్కింట వెలుగుచున్నచో లోపము మన ఫ్యూజునందో, స్తంభమునుండి మన మీటరునకు వచ్చు సర్వీసు వైరునందో కలదు. వీథిలో కొన్ని యిండ్లు వెలిగి కొన్ని వెలుగకున్నచో, భారము సమముగా నుండుటకై యిండ్లను మూడు ఫేజులకును పంచి కలుపుదురు గనుక, వానిలో నొక ఫేజు పోయినదని గ్రహింపవలెను. వీథి యంతయు చీకటియైనచో ట్రాన్స్‌ఫార్మరును, ఊరంతయు చీకటియైనచో 11 కె.వి. ఫీడరునో సబ్‌స్టేషనునో శంకింపవలెను. కరెంటు ఫిర్యాదులకై 1912 నంబరునకు ఫోను చేయువాడు చెప్పవలసిన వివరమంతయు ముసలమ్మ ఒక్క ప్రశ్నలో నిమిడ్చినది.

ప్రక్షిప్త విచారము

మనుమడు తల చాచి, "వాళ్ళింట్ల ఫ్యాను తిరుగుతాంది నాయినమ్మా!" అని నివేదించెను. ఇచ్చట అల్పజ్ఞులు భ్రమపడుదురు. పొరుగువారికి ఇన్వర్టరు కలదు. ఇన్వర్టరు దీపము మూలగ్రంథమునకు చెందినది గాదు, ప్రక్షిప్తము. దాని బలమున ఫ్యాను తిరుగవచ్చును, బల్బు వెలుగవచ్చును గాని బోరు మోటరు కదలదు. కావుననే నాయినమ్మ ఆ సాక్ష్యమును త్రోసిపుచ్చి, "గది ఇన్వర్టర్‌రా! వీధిలైటు సూడు" అని శుద్ధపాఠమును నిర్దేశించినది.

అలంకారము

వాకిట మోకాలిలోతు నీరు నిలిచియుండగా నల్లాలో చుక్క లేకుండుట విరోధాభాసము. మోటరునకు కరెంటు లేదని తెలిసినంతనే విరోధము పరిహృతమగును, బిందె మాత్రము నిండదు. కోడలు సజ్జ క్రింద బకెట్లు వరుసగా బెట్టి వాననీరు పట్టుచుండగా, మనుమడు మాటిమాటికి ఫ్రిజ్జు తెరచి చూచుచు, "సల్లదనం పోతది, మూయి!" అని తిట్లు తినుచుండెను.

శంకాంతరము

ఊరంతయు చీకటియే యని తేలినపిదప నాయినమ్మ, "అందరికి పాయెనా? ఇగ అదే అస్తది తియ్యి" అని కార్తీకదీపమునకై యుంచిన ప్రమిదను తెప్పించి, వత్తి నెగద్రోసి, నిశ్చింతగా కూర్చుండెను. ఎల్లరి కష్టమును జూచి యూరట చెందుట తగునా?

సమాధానము

ఆ యూరటకు కారణము వేరు. తుపాను వెలిసినపిదప సిబ్బంది మొదట సబ్‌స్టేషనును, తరువాత ఫీడరును, అటుపిమ్మట ట్రాన్స్‌ఫార్మరును చక్కబరచి, కట్టకడపట ఒంటి యిండ్ల తీగలను పట్టించుకొందురు. వేయి యిండ్ల చీకటికి గల మొదటి వరుస ఒక్క యింటి చీకటికి లేదు. పైగా లైన్‌మన్ స్తంభమెక్కుటకు ముందు ఎల్‌సీ తీసికొనును. అనగా సబ్‌స్టేషనులో సరఫరా నాపించి, ఆ తీగలో ప్రాణాంతకమైన శక్తి లేకుండ జేసికొనును. అప్పుడు తీగ చెక్కుచెదరని యింటను చీకటియే యుండును. ఆ యరగంట చీకటి తడిసిన స్తంభముపైనున్న యొకని ప్రాణమునకు కాపు. దానిని సహింపక, తీగను మెయిన్సునుండి విడదీయకయే జనరేటరు తగిలించువాడు ఆ కాపును తొలగించుచున్నాడు. ఏలయన ఆ కరెంటు వెనుకకు బ్రాకి, ట్రాన్స్‌ఫార్మరులో వేలకొలది వోల్టులై లైన్‌మన్‌ను చేరును.

తాత్పర్యము

కరెంటు బిల్లు ఇంటింటికి వేరుగా వచ్చినను, తీగ యెవ్వనికిని సొంతము కాదు. ఒక వీథివారి వెలుగు ఒక్క ట్రాన్స్‌ఫార్మరుపై, పెక్కు వీథుల వెలుగు ఒక్క ఫీడరుపై ఆధారపడియుండగా, తన యింటి సంగతి తెలిసికొన గోరువాడు మొదట పొరుగింటిని చూడకతప్పదని నాయినమ్మ యభిప్రాయము.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో పఠించినవారికి తుపాను వార్త విన్నంతనే మోటరు వేసి టాంకు నింపుకొనవలెనను బుద్ధియు, ఫోనునకు చార్జింగు పెట్టవలెనను వివేకమును, తెగిపడిన తీగకు ఆమడ దూరమున నిలువవలెనను భయమును కలుగును. పఠింపనివారికి వారి నాయినమ్మ చెప్పును.