ఇంగొక ఏడు వస్తాయిలేప్పా

పనిబూట్లకు ఆయుష్షు పోసే మనిషి కర్ణాటకలోని పావగడ తాలూకాలో పూర్వం నుంచీ ఉన్నాడు. కాకపోతే అప్పుడు ఆయన కాళ్ళకు ఉన్నవి మెట్లు, అంటే చెప్పులు. బూట్లు సౌర విద్యుత్ పార్కుతో వచ్చాయి. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు పొలాల్లో పదమూడు వేల ఎకరాల మేర చెనిక్కాయ చేలు పోయి అద్దాల పలకలు లేచాయి. 2018 మార్చిలో పార్కు ప్రారంభమైంది. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలైన కౌలు రెండేళ్ళకోసారి అయిదు శాతం పెరుగుతుంది. పొలం కౌలుకిచ్చిన రైతుల్లో కొందరు అదే నేలమీద కాపలాకో, గడ్డి కోతకో, పలకలు కడగడానికో కుదిరారు. కాపలాకు కుదిరిన నాడు చేతికొచ్చిన బూట్లజతను పెళ్ళిలో పెట్టిన బట్టల్లా రెండు చేతులతో అందుకున్నవాడే ఈ వ్యాసానికి విషయం. పదెకరాల ఆసామికి మొదటి ఏడే రెండు లక్షల పదివేలు ముట్టింది. బూట్లు కొనలేక కాదు.

ఈయన సాధారణంగా ఇంటికి పెద్దమామో పెద్దనాయనో అయి ఉంటాడు. కొత్త బూట్లను మూడు నెలలు తొడగడు. తొడిగిన రోజు నడక మారుతుంది; రాయి కనపడితే పక్కకు తప్పుకుంటాడు. రాయి తగిలినా కాలికి దెబ్బ తగలకూడదనే ఆ బూట్లు ఇచ్చారన్న సంగతి ఈయనకు చెప్పినవాళ్ళున్నారు, విన్న దాఖలా లేదు. ఊరి దారిలో వాటిని విప్పి, లేసులు ముడేసి, మెడకు తగిలించుకుని వట్టికాళ్ళతో వస్తాడు. జాలిముల్లు గుచ్చుకుంటే పాదం నాలుగు రోజుల్లో మానుతుంది, సోలు మానదు కదా అంటాడు. దీనికి సమాధానం ఎవరూ చెప్పలేకపోయారు.

రిపేరు విద్యలో ఈయనకు తెలిసింది తక్కువేమీ కాదు. తడిసిన బూటును ఎండలో పెట్టకూడదు, తోలు బిరుసెక్కి పగులుతుంది. లోపల పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఇది ఈయన సరిగ్గానే చేస్తాడు. కన్నడ పేపరు నీళ్ళు బాగా పీలుస్తుందా, తెలుగు పేపరా అన్న విషయంలో మాత్రం తాలూకాలో ఏకాభిప్రాయం లేదు. తోలు మెత్తబడటానికి ఆముదం పాత పద్ధతి, మంచిదే. ఆముదం దొరకనినాడు చెనిక్కాయ నూనె పట్టించి అటక మీద పెట్టడం ఈయన సొంత పద్ధతి. ఆ రాత్రి ఎలకలకు విందు. మడమ దగ్గర కొరికిన చోట సైకిల్ ట్యూబు ముక్క వేసి, పంచరు షాపు సొల్యూషన్‌తో అతికిస్తాడు. లేసు తెగితే నైలాను తాడు. దాని కొసలు అగ్గిపుల్లతో కాల్చి, వేళ్ళు కూడా కాల్చుకుని, నున్నగా నలుపుతాడు. సోలు నోరు తెరిస్తే చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చుని ప్రతి కుట్టూ లెక్కపెడతాడు. టైరు సోలు వేయించాక ఒక్కో బూటు ఎంత బరువు తూగుతుందో ఈయన మోకాళ్ళకు తెలుసు.

శని గుడి దగ్గర పాత చెప్పులు వదిలేస్తే శని వదులుతుందని నమ్మేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈయన పావగడ శని మహాత్మ గుడికి శనివారం వెళ్ళి కుడిబూటు ఒక మూల, ఎడమబూటు ఇంకో మూల విడిచి వస్తాడు, జత దొరకక దొంగ విసుగెత్తాలని. తిరిగొచ్చాక ఎడమది ఏ మూల పెట్టాడో తెలియక ముప్పావుగంట తిరుగుతాడు. శని ఎవరిని పట్టిందో ఆ సమయంలో వెంట ఉన్న మేనల్లుడిని అడగాలి.

అన్నిటికన్నా మొండితనం బొటనవేలి దగ్గర. బూటు మొనలో ఉక్కు టోపీ ఉంటుంది. ఐఎస్ 15298 ప్రమాణం ప్రకారం అది 200 జౌళ్ళ దెబ్బను, అంటే ఇరవై కిలోల బరువు సుమారు మీటరు ఎత్తునుంచి పడినంత దెబ్బను తట్టుకోవాలి. మీది తోలు అరిగి ఆ ఉక్కు బయటపడితే బూటు మార్చాలి. ఈయన మారుస్తాడు, పాలిషును. నల్ల చెర్రీ బ్లాసమ్ డబ్బీ తీసి ఇనుముకే రుద్దుతాడు. ఇక్కడ నవ్వు కాస్త ఆగుతుంది. ఎండ ఉన్నంతసేపూ పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది, ఎండను ఆపే స్విచ్చి లేదు. కడిగిన నీళ్ళలో చిల్లుల సోలుతో నిలబడే మనిషికి షాకు కొడుతుందని ఇంట్లోవాళ్ళు గొడవపడితే తప్పు వాళ్ళది కాదు.

“ఇంగొక ఏడు వస్తాయిలేప్పా” అన్నది ఈయన జవాబు. ఆ మాట ఏటేటా అంటాడు. ఈలోగా రెండోసారి ఇచ్చిన జత అట్టపెట్టె తెరవకుండా, దానిపైన ప్లాస్టిక్ సంచి చుట్టి, రేకుల కప్పు కింద భద్రంగా ఉంటుంది. అది కొడుక్కో, అల్లుడికో, బీదరికం మళ్ళీ వస్తే దానికో అన్నది స్పష్టంగా చెప్పడు. కరువు చూసిన తాలూకాలో దాచడం తప్పని అనడం కష్టం. ఇలాంటి వ్యాసాలు రాసేవాళ్ళ మంచం కిందా విప్పని పెట్టె ఒకటి ఉంటుంది.

పెట్టె తెరిచేది ఏదో పెళ్ళికి. బూట్లు మెరుస్తూ ఉంటాయి, నాలుగడుగులు వేస్తాడు, వాకిట్లో నల్లటి ముక్కలు వరుసగా రాలి ఉంటాయి. వాటిని ఏరి గుప్పిట్లో పట్టుకుని, ఏ సొల్యూషన్‌తో అతుకుతాయని అడుగుతాడు. అతకవు. ఇప్పటి పనిబూట్లలో చాలావాటికి సోలు పాలీయురేథేన్‌ది. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని లోలోపల విడగొడుతూ ఉంటుంది, వేడి ఆ పనిని తొందరపెడుతుంది. తొడగకుండా దాచినా ఇది ఆగదు. సంచిలో చిక్కిన తేమ, రేకుల వేడి రెండూ దానికి సాయం. తయారైన తేదీ బూటు మీదే అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో అట్టపెట్టె ఉన్నవాళ్ళు ఇవాళే దించి ఆ తేదీ చూడాలి, సోలు ఇంకా గట్టిగా ఉంటే రేపటినుంచే తొడుక్కోవాలి.