పికప్పు బాబాయ్

చింతలపూడిలో పికప్పు అంటే బండి. వెనక తొట్టి ఉంటుంది, అందులోకి పామాయిల్ గెలలో మామిడికాయలో ఎక్కుతాయి, ముందు బంపరుకి నిమ్మకాయలు వేలాడుతుంటాయి. అందుకని మా వీధి చివరి బాబాయ్ ఒకరోజు టీ కొట్టు దగ్గర "పికప్పు మార్చేశాన్రా" అనగానే అందరూ ఏ కంపెనీది, రొక్కమా ఫైనాన్సా అని మూగారు. ఒక రైతైతే, పెదవేగి ఫ్యాక్టరీకి రేపు రెండు టన్నుల గెలలు తోలాలి, కిరాయెంత అని బేరంలోకి దిగిపోయాడు. బాబాయ్ చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగున్న నల్లటి ప్లాస్టిక్కు ముక్క తీసి బల్లమీద పెట్టాడు. రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గెలలెక్కడ పడతాయయ్యా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పికప్పు బాబాయ్.

బాబాయ్ గిటారిస్టు. ఈ సంగతి ఆయన నోటితో చెబితేనే తెలుస్తుంది. ఆయన గిటారు వాయిస్తుండగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ, విప్పుతుండగా చూసినవాళ్ళు ఎక్కువ. దానికి ఆరు తీగలూ ఉండే రోజులు ఏడాదికి ముప్పై దాటవు. మిగతా రోజులన్నీ అది నవారు మంచం మీద పాత తువ్వాలు పరుచుకుని, మరలన్నీ స్టీలు గిన్నెలో, లోపలి వైర్లన్నీ పైన, ఆపరేషను మధ్యలో డాక్టరు టీ తాగడానికి వెళ్ళిపోయిన రోగిలా పడుంటుంది. పక్కన సోల్డరింగ్ ఐరన్ పొగలు కక్కుతుంటుంది. ఆ పొగ వంటింట్లోకి రాగానే పిన్ని, "మీ బాబాయ్ సాంబ్రాణి వేశారు, ఇక భోజనానికి రారు" అంటుంది.

గిటారు ఏలూరులో 6,500 రూపాయలకి కొన్నది. ఇప్పటిదాకా దానిలో పెట్టి తీసిన పికప్పులకైన ఖర్చు 14,000. ఎద్దు కన్నా మెడలో గంటలు ఖరీదైపోయాయన్నమాట. ఆ లెక్క పిన్నికి తెలీదు. ఈ పత్రిక మా వీధిలోకి రాదన్న ధైర్యంతో రాస్తున్నాను.

బాబాయ్‌ని ఊరికే వెక్కిరించడం న్యాయం కాదు. ఎలక్ట్రిక్ గిటారుకి మామూలు గిటారులా బోలు పొట్ట ఉండదు, ఒంటి చెక్క. కరెంటు లేకుండా మీటితే పక్క మంచం మీదవాడికి కూడా వినపడదు. తీగల కింద కూర్చున్న పికప్పే దాని గొంతు. అందులో ఉండేది అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కు తీగ వణికితే కింద అయస్కాంత క్షేత్రం చలిస్తుంది, రాగి చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది, అది వైరు వెంట పోయి ఆంప్లిఫయర్లో అరుపవుతుంది. 1831లో ఫారడే పట్టుకున్న సూత్రం. పెళ్ళి పందిరి వెనక డబడబలాడే జనరేటరుదీ అదే. కాబట్టి పికప్పు మారిస్తే గొంతు మారుతుందన్నది నిజమే. వేళ్ళు కూడా మారతాయన్న భ్రమ దగ్గరే బాబాయ్ దారి తప్పాడు.

మొదటి పికప్పు చుట్ట తెగినప్పుడు ఆయన దాన్ని మోటారు వైండింగు షాపుకి పట్టుకెళ్ళాడు. బోర్ల మీద బతికే మెట్ట ఊరు కదా మాది, వేసవిలో ఆ షాపు ముందు కాలిపోయిన మోటార్లు జాతర్లో జనంలా కిక్కిరిసి ఉంటాయి. వైండింగు కుర్రాడు ఆ తీగ కొస పట్టుకుని వెలుగులో పెట్టి చూశాడు. "కంటికి కనపడితే కదా బాబాయ్ చుట్టేది! ఫ్యాను కాయిలుకి చుట్లు వందల్లో పోస్తాం, ఇది వేలల్లో అంటున్నావు. మధ్యలో ఒకసారి తుమ్మితే మళ్ళీ మొదలు." అని, చేతిలో పని వదలకుండానే ఒక ప్రశ్న వేశాడు. "మోటారు కాలితే చేను ఎండుద్ది. ఇది కాలితే ఏమవుద్ది?"

బాబాయ్ చాలాసేపు ఆలోచించాడు. "ఆదివారం చర్చిలో పాటకి గిటారు ఉండదు."

"కీబోర్డు ఉందిగా," అన్నాడు కుర్రాడు.

ఆ మాటకి ఆయన పౌరుషం పొంగింది. తనే చుట్టుకున్నాడు. పిన్ని కుట్టు మిషను చక్రానికి తగిలించి, చుట్లు గోడమీద సుద్దతో లెక్క రాస్తూ, మూడు రాత్రులు. చుట్టాక మైనంలో ముంచాలి. లేకపోతే చుట్లు లోలోపల కదిలి, సౌండు పెంచినప్పుడు కీచుమంటుంది. క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తులు పిన్ని పాలగిన్నెలో కరిగించాడు. మైనం కరిగేంత వేడి చాలు, అరవై అయిదు డిగ్రీల దగ్గర ఆపాలి. ఈయనేమో పప్పు ఉడికించినట్టు తెర్లించాడు. ప్లాస్టిక్కు అప్పడంలా వంకర తిరిగింది. ఆ గిన్నెలో ఇప్పటికీ పాలు కాచరు, స్క్రూలు దాచుకుంటారు.

పికప్పు మార్చిన ప్రతిసారీ నన్ను పిలిచి వినిపిస్తాడు. వినిపించేటప్పుడు ఆయన భాష సంగీతానిది కాదు, వంటింటిది. "మొన్నటిది పులిసిన పెరుగురా అబ్బాయ్. ఇది చూడు, మీగడ!" లేకపోతే, "ఆవకాయలో ఆవ తగ్గినట్టు లేదూ?" ఒకసారి అరగంట పాటు కొత్త పికప్పు మీద ఒకటే వాయింపు. బ్రిడ్జి దగ్గరది, పళ్ళు బిగించి మాట్లాడినట్టు ఖంగుమనాలి. ఈయన కళ్ళు మూసుకుని "ఆహా, ఆ ఖంగు చూశావా, స్టీలు బిందె మీద రూపాయి బిళ్ళ పడ్డట్టు" అంటున్నాడు. నాకూ ఖంగు వినపడింది. అంత గట్టిగా చెబుతుంటే వినపడకేం చేస్తుంది? పిన్ని కాఫీ ఇచ్చి వెళ్ళబోతూ, "ఆ పుల్ల అటు తిరిగుందేంటండీ?" అంది. గిటారు మీద ఏ పికప్పు మోగాలో చెప్పే మూడు గడుల స్విచ్చు. అది మెడ దగ్గరున్న పాత పికప్పు వైపుంది. కొత్తది ఆ అరగంటలో ఒక్క క్షణం కూడా మోగలేదు.

బాబాయ్ కాఫీ తాగి, "పక్కన కొత్తది ఉంటే పాతది కూడా భయంతో బాగా మోగుద్ది," అన్నాడు.

ఆయన దేవుళ్ళు ఇద్దరు. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ ఒకరు. కరెంటు గుర్రుని చంపడానికి రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని అయస్కాంతాన్నీ చుట్టునీ ఇంకోదానికి ఎదురు తిప్పి, 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టినాయన. తీగ నాదం రెండింటిలోనూ కలుస్తుంది, బయటి గుర్రు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. అందుకే దాని పేరు హంబకర్. పేటెంటు 1959లో వచ్చింది. దరఖాస్తు పెట్టామని చీటీ అంటించి అమ్మిన ఆనాటి పికప్పులు ఈరోజు లక్షల్లో పలుకుతున్నాయి. సెత్ లవర్ సంగతులు ఇలా గడగడా చెప్పే బాబాయ్, సొంత ముత్తాత పేరడిగితే పిన్ని వైపు చూస్తాడు.

రెండో ఆయన మాండొలిన్ శ్రీనివాస్. "మన జిల్లావాడేరా!" అంటాడు. 2022లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని ఏలూరు జిల్లాలో వేశారు, పాలకొల్లు పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. ప్రభుత్వం చేసిన ఆ పనిని బాబాయ్ ఇంతవరకూ ఒప్పుకోలేదు, కారణం ఇదొక్కటే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఆ పిల్లాడు తొమ్మిదేళ్ళకే, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. జంట తీగల మాండొలిన్‌ని వదిలి ఒంటి తీగలు అయిదు కట్టుకుని, కరెంటు పెట్టి, కర్ణాటక సంగీతంలో గమకం పలికించాడు. "దానికీ పికప్పే ఉందిరా అబ్బాయ్, పికప్పే!" అని బల్ల గుద్దుతాడు బాబాయ్.

"ఆ వయసులో ఆయన రోజూ సాధన కూడా చేసుంటాడుగా బాబాయ్?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"ఎందుకు చెయ్యడు? పికప్పు బాగుంది కాబట్టి చెయ్యబుద్ధేసింది."

ఇక మే నెల సంగతి. చర్చిలో గిటారు పెట్టగానే బుయ్యిమని ఒకటే గుర్రు. పాట మొదలైతే పాటతో పాటు, ప్రార్థన మొదలైతే ప్రార్థనతో పాటు. కళ్ళు మూసుకున్నవాళ్ళు కందిరీగ అనుకుని చెంపలు కొట్టుకున్నారు. ఒంటి చుట్ట పికప్పు కదా, అలాగే ఉంటుంది అని బాబాయ్ దాన్ని పీకి హంబకర్ వేశాడు. గుర్రు పోలేదు. చుట్టూ రాగి రేకు అంటించాడు. పోలేదు. ఇంకో హంబకర్ తెప్పించాడు, ఇంకా ఖరీదుది. అదీ అంతే. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది, తీస్తే మళ్ళీ మొదలు. ఒక ఆదివారం ప్రసంగం అయ్యేవరకూ, దెయ్యం పట్టినవాణ్ణి ఒడిసిపట్టినట్టు, రెండు చేతులతో తీగలు అదిమి కూర్చున్నాడు.

ఆ మర్నాడు చర్చిలో ఫ్యాను బాగుచెయ్యడానికి ఎలక్ట్రీషియను వచ్చాడు. చెయ్యి వేస్తే తగ్గుతోందన్న మాట విని, గిటారు వంక కూడా చూడకుండా తిన్నగా గోడ వెనక్కి వెళ్ళాడు. "ఈ ఎర్తు గుంటలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందండీ?" అని అక్కణ్ణుంచే కేకేశాడు. గుంట ఎండి నెర్రెలిచ్చి ఉంది. రెండు బకెట్ల నీళ్ళు, ఒక గల్లుప్పు ప్యాకెట్టు. లోపలికొచ్చి గిటారు పెడితే చడీచప్పుడూ లేదు.

మేమంతా బాబాయ్ మొహం వంక చూశాం. ఆయన మెల్లగా వంగి, తీగల మధ్యలోంచి కొత్త పికప్పుని వేలితో నిమిరి, "చెప్పలేదూ? అలవాటు పడ్డానికి రెండు వారాలు పడుద్దని," అన్నాడు.

డిసెంబరు వస్తోంది. సెమీ క్రిస్మస్ సభలకి, పెళ్ళి రిసెప్షన్లకి గిటారు కావాలంటే బాబాయ్‌ని నిస్సంకోచంగా పిలవండి. మంచి మనిషి, డబ్బు అడగడు, చేపల పులుసుతో భోజనం పెడితే చాలు. వారం ముందు మాత్రం ఫోను చేసి, గిటారుకి తీగలున్నాయో లేదో కనుక్కోండి. ఆయన్ని కాదు, పిన్నిని అడగండి.