పట్టుదల పహిల్వానులు

పొగాకు విడుచుటకంటె, విడువ యత్నించువానిని వెక్కిరించుట సులభమని కనిపెట్టిన మహనీయులు మన ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు కొల్లలుగా నున్నారు. వీరి మతమునకు సిద్ధాంతమొక్కటే: మగవాడైనవాడు చుట్ట గాని, బీడీ గాని, సిగరెట్టు గాని మానదలచినచో, ఒకనాటి వేకువను లేచి, చేతనున్న కట్టను పంటకాలువలోనికి విసరి, మీసము దువ్వుకొని, మరల దానివంక కన్నెత్తి చూడకుండవలెను. వైద్యుని సలహా యడుగరాదు, మందు పుచ్చుకొనరాదు, స్నేహితుని తోడు కోరరాదు. అట్లు కోరి మానినవాడు మానినట్లే కాదు. నలుబదియేండ్లు చుట్ట కాల్చిన పెద్దమనిషి యొకడు, ఆసుపత్రిలో చెప్పిన ప్రకారము నికోటిన్ గమ్ము బుగ్గను పెట్టుకొని టీకొట్టు బల్లపై కూర్చున్నాడో లేదో, పహిల్వానులలో నొకడు "ఏంటి బాబాయ్, బబుల్‌గమ్మా? చిన్నపిల్లోడివైపోయావే! మొగోడన్నాక మనసులో గట్టిగా అనుకుంటే సరిపోద్ది గదా, డాక్టర్లెందుకూ?" అనును. అనుచునే తన వ్రేళ్ళనడుమ నున్న సిగరెట్టు నుసిని దులుపును. మరి తామేల మానలేదయ్యా యని యడిగినవారికి "నేనింకా అనుకోలేదండీ" యని సమాధానము.

సరే, ఒంటరితనమే పౌరుషమందము. ఈ యలవాటు మాత్రము ఒంటరిగా నంటినదా? గిరీశము వంటి గురువు దొరకినగాని వెంకటేశము చుట్ట కాల్చుట నేర్వలేదు. 1897లో 'కన్యాశుల్కము' అచ్చయిననాటినుండి తెలుగువారెల్లరు నెఱిగిన గురుకులమది. తొలి దమ్మునకు దగ్గు వచ్చినపుడు వీపు నిమిరి మలి దమ్ము పీల్పించిన సహృదయుడొకడు, అగ్గిపుల్ల గీచి యిచ్చినవాడొకడు, అరువిచ్చిన కొట్టువాడొకడు ప్రతి పొగరాయని చరిత్రలోను కనబడుదురు. ఇక ఆ యాకునకు గల పరివారమును చూడుడు. 1947లో రాజమహేంద్రవరమున దానికొఱకు కేంద్ర పరిశోధనసంస్థ వెలసినది. 1976లో గుంటూరు ముఖ్యస్థానముగా పొగాకు బోర్డు ఏర్పడినది. ఏలూరు జిల్లా మెట్టసీమలో, జంగారెడ్డిగూడెము చుట్టుపట్ల, బ్యారన్లలో కాచిన యాకు గ్రేడులుగా విడివడి వేలముకేంద్రముల కెక్కుచున్నది. శాస్త్రజ్ఞులు, అధికారులు, రైతులు, కూలీలు, వర్తకులు ఇందరు చేయిచేయి కలిపినగాని ఆకు పెదవిని చేరదు. ఆ పెదవినుండి దానిని దింపుటకు మాత్రము ఒక్కడు, అందును ముదుసలి, నిరాయుధుడై పోరాడవలెనట! అభిమన్యునిపై కౌరవులు ఇట్టి న్యాయమునే నడపిరి. వారైనను దానికి ధర్మమని పేరు పెట్టలేదు.

పట్టుదల యొక్కటే చాలుననువారు పొగ దేహమున కేమి చేయునో విచారించిన జాడ లేదు. పీల్చిన పొగలోని నికోటిను పది యిరువది సెకనులలో మెదడును చేరును. దానిని అందుకొను గ్రాహకములు నానాటికి పెరుగును. నెత్తుటిలో నది రెండు గంటలకు సగమైపోవును గనుక, ఆ గ్రాహకములు మరల మరల చేయి చాచుచుండును. మానిన తొలిదినములలో కలుగు చిరాకు, నిద్రలేమి, అధికమైన ఆకలి, మనసు నిలువకపోవుట పిఱికితనమునకు గుర్తులు గావు. పెక్కుమందికి రెండు మొదలు నాలుగు వారములలో శాంతించు శరీరధర్మములు. మనుష్యుల మనోగహ్వరములను త్రవ్వి లోకమునకు చూపిన సిగ్మండ్ ఫ్రాయిడునకు 1923లో నోట క్యాన్సరు బయటపడినది. ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. అయినను ఆయన చుట్టను విడువలేక పెనగులాడి 1939లో కన్నుమూసెను. మనస్సును గూర్చి ఆయనకు తెలియని రహస్యమేదో మన టీకొట్టు బల్లపై దొరకుచుండవలెను.

"మా మేనమామ ఎవరి సాయం లేకుండానే మానేశాడండీ" యని యొక సాక్ష్యము తెత్తురు. ఆ మేనమామకు నమస్కారము. మానినవారిలో అట్టివారు పెక్కురున్నమాటయు నిజమే. కాని ఎందరు యత్నింపగా ఆయన యొకడు మిగిలెనో లెక్క వలదా? ఏ సాయమును లేక చేసిన యత్నములలో ఆఱుమాసములో ఏడాదియో నిలుచునవి నూటికి మూడు మొదలు అయిదు మాత్రమే. ఆయన వెనుక తొంబదిమందికి పైగా మేనమామలు మూడవనాడో ముప్పదవనాడో తిరిగి వెలిగించి, సిగ్గుచే నోరు మెదపక కూర్చున్నారు. వారిని సాక్ష్యమునకు పిలుచువారు లేరు. గమ్ము, ప్యాచి మొదలగునవి యత్నము ఫలించు అవకాశమును ఇంచుమించు ఒకటిన్నర రెట్లు చేయునని పరిశోధనల సారాంశము. దానికి ఓపికతో విని చెప్పు మనుష్యుడు తోడైనచో నింకను మేలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లోను, మన దేశము 2022లోను ఈ మందులను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినవి. "గమ్ములోనూ నికోటినే కదా!" అని మరియొక తర్కము. ఔను. మనిషిని కట్టివేయునది నికోటినే. కాని చంపునది ప్రధానముగా పొగ, అందలి తారు, డెబ్బది వఱకు గల క్యాన్సరుకారకములు. గమ్మునకు పొగ లేదు. మోతాదును క్రమముగా తగ్గించుకొని దానినిగూడ విడువవచ్చును.

ఈ వీరులే రొయ్యలచెరువు గట్టెక్కినపుడు చూడవలెను. తెల్లమచ్చ వచ్చెనను అనుమానము తగిలిన చాలు, నీళ్ళు సీసాలో పట్టి ల్యాబునకు పరుగెత్తుదురు; టెక్నీషియనునకు ఫోను చేయుదురు; రాత్రియెల్ల నిద్ర మాని ఏరియేటర్లు తిప్పించుదురు. గట్టున నిలిచి "రొయ్యా, మనసులో గట్టిగా అనుకో" యని బోధించినవాని నింతవరకు నే నెఱుగను. రొయ్యకు దక్కిన పాటి యుపచారము కన్నతండ్రి ఊపిరితిత్తులకు దక్కుట మాత్రము వంశమునకు తలవంపు!

మానుట యొకనాటి పని. మానియుండుట యేండ్ల పని. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరే, వేసవిలో సరస్సు మట్టము తగ్గినపుడు, సముద్రపుటుప్పును ఎదురు మోసికొని వచ్చును; అందులకే మనవారు రెగ్యులేటరు కావలెనని చిరకాలముగా అడుగుచున్నారు గాని, పోటును పట్టుదలతో నాపుకొమ్మని కొల్లేటికి హితవు చెప్పలేదు. విడిచిన యలవాటునకు పోటు తెల్లవారుజామున చేపల లోడింగు వేళ వచ్చును; పెండ్లివిందు ముగిసిన పిదప వచ్చును; సంక్రాంతి కోడిపందెముల బరి చెంత "ఒక్కటి కాల్చు, బాబాయ్" అను ఆప్యాయత రూపమున వచ్చును. ఆ తహతహ సామాన్యముగా కొలది నిమిషములలో దాటిపోవును. గ్రుక్కెడు నీళ్ళు త్రాగించి, నాలుగడుగులు నడిపించి, ఆ నిమిషములను దాటించు మనుష్యుడే సాయమనగా. సర్కారు జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమమును 2007-08లో ఆరంభించి జిల్లాస్థాయిలో విముక్తి కేంద్రములకు ఏర్పాటు చేసినది. 2016లో ఢిల్లీనుండి ఆరంభమైన రుసుము లేని ఫోను, 1800-11-2356, 2018 నుండి సిగరెట్టు పెట్టెలమీదనే అచ్చగుచున్నది. కొట్టులో విడిగా ఒక్కొక్కటే కొనువానికి ఆ అంకె కంటబడకపోవుటయే మన వ్యాపారములోని చమత్కారము.

"ఈ వయసులో మానితే ఏమొరుగుద్ది?" అనునది వారి తుది యస్త్రము. బ్రిటనులో వైద్యులనే 1951 మొదలు అర్ధశతాబ్దము గమనించిన రిచర్డ్ డాల్ బృందము 2004లో తేల్చినదేమనగా: అరువదియేండ్లకు మానినవానికి సుమారు 3 ఏండ్లు, యేబదికి మానినవానికి 6, నలుబదికి 9, ముప్పదికి 10 ఏండ్ల యాయువు దక్కును. మూడేండ్లనగా మూడు సంక్రాంతులు. మనుమరాలి పెండ్లికి అవియే చాలవచ్చును.

కావున, పట్టుదల పహిల్వానులారా, మీ శక్తిని మేము శంకింపము, పరీక్షింపగోరుదుము. సాయము చేయ మనసొప్పనిచో చేయవలదు. రాబోవు సంక్రాంతి మూడునాళ్ళు, పొగ మానిన పెద్దమనిషి కంటబడినపుడెల్ల, "ఒక్కటి కాల్చు, బాబాయ్" అను ఆ మూడు మాటలను, ఏ వైద్యుని సాయమును లేక, ఏ మందును పుచ్చుకొనక, కేవలము పట్టుదలచే, నోటనే నాపుకొని చూపుడు. అది నెగ్గినవాడు వచ్చి నలుబదియేండ్ల పొగను ఒంటిచేత నాపుమని మాకు బోధింపవచ్చును. నెగ్గనివాడు బల్లపై కొంచెము జరిగి, గమ్ము నమలు బాబాయికి చోటీయవలెను.