తాతగారి అంబాసిడర్‌కి 20,000 ల్యూమెన్లు

పాతకారు భక్తుల్లో నిష్ఠాగరిష్ఠులుంటారు. మార్క్ 2 అంబాసిడర్‌కీ మార్క్ 3కీ గ్రిల్లులో తేడా ఏమిటో పెళ్లిభోజనాల బంతిలో కూర్చుని, విస్తట్లో పప్పు చల్లారిపోతున్నా లెక్కచేయకుండా వివరిస్తారు. సీటు కవరు రంగు కంపెనీ రంగుకి అరవీసం తేడా వస్తే కుట్టినవాడి చేతే మొత్తం విప్పిస్తారు. బానెట్ మీద బొమ్మ కోసం కలకత్తా సందులన్నీ గాలిస్తారు. ఇంత మడి కట్టుకున్న మనిషి ఓ శుభముహూర్తాన అదే కారుకి, అందరికంటే ముందు కనబడే చోట, ఎల్‌ఈడీ బల్బులు బిగిస్తాడు. అట్టపెట్టె మీద పులిబొమ్మ. దాని కింద 20,000 ల్యూమెన్లు, 200 వాట్లు, 6,500 కెల్విన్. ఇదేమిటండీ అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "సేఫ్టీ కోసమండీ."

ఎవరి సేఫ్టీ అని మాత్రం అడగకూడదు. అడిగితే మనకి పాతకార్ల గురించి తెలియదని తేలిపోతుంది.

అతని కష్టం అబద్ధమని నేననను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1950ల చివర ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టి, 2014 దాకా పెద్దగా మారకుండా నడిచిన కారు అది. దాని హెడ్‌లైటు వేస్తే రోడ్డు కనబడటం కంటే, లైటు వెలుగుతోందని మనకి కనబడటమే ఎక్కువ. ఆ తరం బ్రిటిష్ కార్లకి కరెంటు సామాను చేసిపెట్టిన లూకాస్ కంపెనీని అక్కడి వాళ్లే 'అంధకార రాకుమారుడు' అని వెక్కిరించేవారు. లూకాస్ స్విచ్చికి మూడే స్థానాలట: ఆరిపోవడం, మినుకుమనడం, మిణుకుమిణుకుమనడం. కాబట్టి రాత్రిపూట గేదె కనబడటం లేదని పాతకారు యజమాని మొరపెట్టుకుంటే నమ్మాల్సిందే. రోగం నిజం. మందు దగ్గరే పేచీ.

పాత హెచ్4 హాలోజెన్ బల్బొకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూడండి. 1971లో వచ్చిన డిజైను, ఇప్పటికీ దేశంలో దొరకని ఊరు లేదు. గాజు లోపల రెండు చిన్న స్ప్రింగుల్లాంటి తీగలు: ఒకటి డిమ్ముకి 55 వాట్లు, ఇంకోటి బ్రైటుకి 60 వాట్లు. డిమ్ము తీగ కింద గోరంత రేకు దొప్ప ఉంటుంది. బల్బులో అసలు తెలివంతా ఆ దొప్పలోనే ఉంది. డిమ్ము తీగ నుంచి డూమ్ (బల్బు చుట్టూ ఉండే అద్దంలాంటి గిన్నె) పైసగానికి తగిలిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి దిగుతుంది. కింది సగానికి తగిలితే మాత్రం పైకి ఎగసి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఆ కింది సగానికి వెలుగు తగలకుండా దొప్ప అడ్డం నిలబడుతుంది. అంతటితో ఊరుకోలేదు దాన్ని చేసినవాడు. ఒక పక్క అంచుని 15 డిగ్రీలు వంచాడు. ఆ వంపు వల్ల ఎడమ పక్క రోడ్డంచు, మైలురాయి, నడిచిపోయే మనిషి కనబడతారు గానీ కుడిపక్క ఎదురొచ్చేవాడికి ఇబ్బంది ఉండదు. తీగ అటూ ఇటూ మిల్లీమీటరు జరిగితే ఈ లెక్కంతా చెడిపోతుంది.

పులిబొమ్మ పెట్టెలో ఉండేది ఒక అల్యూమినియం పలక, దానికి రెండు వైపులా అంటించిన చిప్పులు, వెనక బొటనవేలంత ఫ్యాను. వెలుగు సన్నటి తీగ నుంచి కాక బల్లపరుపు ముఖం నుంచి వస్తుంది. కొన్నింటికి దొప్ప అనుకరణగా ఓ రేకుముక్క కూడా తగిలిస్తారు, పూజలో పసుపు గణపతి దగ్గర బెల్లంముక్క పెట్టినట్టు. డూమ్‌కి ఈ భక్తి అర్థం కాదు. ఏ బిందువు దగ్గర తీగ ఉంటుందని తనని మలిచారో అక్కడ తీగ లేకపోతే, వచ్చిన వెలుగుని వచ్చినట్టే నలుదిక్కులా చిమ్ముతుంది. చెట్టు కొమ్మల్లోకి కొంత, డాబా మీద పడుకున్నవాళ్ల మీదికి కొంత, మిగిలింది ఎదురొచ్చే వాళ్ల కళ్లలోకి.

యజమానికి మాత్రం కారు ముందు పది మీటర్లు పట్టపగలులా ఉంటుంది. దాన్ని చూసి పొంగిపోతాడు. దగ్గరి రోడ్డు అంతలా తెల్లబడితే కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు దూరంగా చీకట్లో ఉన్నది ఇంతకుముందు కనబడినంత కూడా కనబడదు. గేదె అక్కడే ఉంది. దానికి ఇతను బాగా కనబడుతున్నాడు.

ఇక పెట్టె మీద అంకెల సంగతి. హెచ్4 డిమ్ములో వెయ్యి ల్యూమెన్ల దాకా, బ్రైటులో 1,650 దాకా ఇస్తుంది. వీళ్లు 20,000 అంటున్నారు. సరే, నమ్ముదాం. వాటుకి వంద ల్యూమెన్లు చొప్పున ఇచ్చినా 200 వాట్లు కావాలి. రెండు బల్బులకి 400. పన్నెండు వోల్టుల బండిలో అది 33 ఆంపియర్లు. పాత అంబాసిడర్‌కి ఆల్టర్నేటరు ఉండదు, డైనమో ఉంటుంది. ఆ కాలపు లూకాస్ డైనమోలు మహా ఇస్తే 20 ఆంపియర్లకి అటూ ఇటూ ఇస్తాయి, అదీ ఇంజిను జోరుమీదుంటేనే. సిగ్నల్ దగ్గర ఆగితే అదీ లేదు. కాబట్టి పెట్టె నిజం చెప్తోందనుకుంటే హైదరాబాద్‌లో చీకటి పడ్డాక బయల్దేరిన కారు సూర్యాపేట చేరేసరికి బ్యాటరీ చేతులెత్తేయాలి. చేతులెత్తేయడం లేదంటే పెట్టె అబద్ధం చెప్తోందన్నమాట. మీటరు పెట్టి చూస్తే ఇలాంటి బల్బులు చాలావరకు 25, 30 వాట్లకి మించి లాగవు. పైన పటారం, లోన లొటారం. ఈ ఒక్క అబద్ధమే ఇతని డైనమోని కాపాడుతోంది కనుక దాన్ని మరీ తిట్టకూడదేమో.

6,500 కెల్విన్ అనేది మరో తమాషా. అది వెలుగు రంగుకి కొలత, బలానికి కాదు. హాలోజెన్ పచ్చటి తెలుపు 3,200 కెల్విన్ దగ్గర ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంలోకి తిరుగుతుందే తప్ప ఎక్కువ కాదు. అంగడివాడు మాత్రం "సార్, ఇది ఆరున్నర వేలు, అది మూడువేలే" అంటాడు. మనవాడు పెద్ద అంకె కొనుక్కొస్తాడు. శుక్లాల ఆపరేషన్ పండక్కి చేయించుకుందాం, పంటయ్యాక చేయించుకుందాం అని వాయిదా వేసుకుంటూ, టీవీఎస్ ఎక్సెల్ మీద పాలక్యాను కట్టుకుని ఇంటికొచ్చే ముసలి రైతు కళ్లకి ఆ నీలపు తెలుపు ఎలా తగులుతుందో ఒక్కసారి ఆలోచించండి. మసకబారిన కటకంలో నీలపు వెలుగు మరింత చెదురుతుంది. ఆయనకి ఒక నిమిషం పాటు రోడ్డూ లేదు, కాలవగట్టూ లేదు. అటు కారులో మనవాడు భార్యతో అంటాడు: "చూశావా, ఎంత సేఫో!"

ఫ్రాన్సు దేశం 1930ల చివరి నుంచి 1993 దాకా హెడ్‌లైట్లన్నీ పసుపు రంగులోనే ఉండాలని చట్టం పెట్టి కూర్చుంది, ఎదుటివాడి కళ్లు చెదరకూడదని. అది ఎంతవరకు పనిచేసిందన్నది వేరే వాదన, ఆలోచన మాత్రం ఎదుటివాడి గురించి. అంత దూరం వెళ్లడం దేనికి, మన లారీలు, బస్సులు, కార్ల హెడ్‌లైట్ల మీద ఒకప్పుడు నల్లరంగు చుక్క ఉండేది, గుర్తుందా? కొన్నింటికి పైసగం నల్లగా పూసేవారు. లేకపోతే పోలీసే ఆపి, డబ్బాలోంచి బ్రష్షు తీసి పూసేవాడు. అసలే మినుకుమినుకుమనే లైటు, దాని మీద మళ్లీ మసి! అలా సగం వెలుగుతోనే తాతగారు గుంటూరు నుంచి తిరుపతి వెళ్లొచ్చారు. మనవడు ఆ నల్లచుక్కని జాగ్రత్తగా గోకి, థిన్నర్‌తో తుడిచి, గాజు తళతళలాడించి, వెనక పులిబొమ్మ పెట్టించాడు. వారసత్వ పరిరక్షణ అంటే అదీ.

చట్టం ఊరుకుంటుందా అంటారా? 2021 జులైలో కేంద్రం పాతకార్లకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న బండి వింటేజి. దానికి 'వీఏ' అక్షరాలతో కొత్త నంబరు ప్లేటు, రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అంటే రూపాయికో ల్యూమెన్ చొప్పున లెక్క చక్కగా కుదిరింది. ఆ జాబితాలో హెడ్‌లైటు ఊసు లేదు చూశారా అని మనవాడు వేలు పెట్టి చూపిస్తాడు. అదే నిబంధనలు కాస్త కిందికి చదివితే ఇంకోటి ఉంది: ఈ బండ్లని రోజువారీ తిరుగుళ్లకి వాడకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. పాతకార్ల ర్యాలీ ఏ ఊళ్లోనైనా ఆదివారం పొద్దున్నే, ఇడ్లీలు తిన్నాక మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం లోపు ముగుస్తుంది. నెత్తిన సూర్యుడుండగా 20,000 ల్యూమెన్లతో వెతికేది దేన్నో!

ఎల్‌ఈడీ అనగానే మండిపడే ఛాందసం నాకు లేదు. కొత్తకార్లలో ఎల్‌ఈడీ కోసమే మలిచిన దీపాలు అద్భుతంగా పనిచేస్తున్నాయి. జర్మనీలో 2020 నుంచి పాత డూముల్లో పెట్టుకునే ఎల్‌ఈడీ బల్బుల్ని కూడా అనుమతిస్తున్నారు. కాకపోతే ఫలానా బల్బు, ఫలానా మోడల్ కారు డూములో పెట్టి పరీక్షించి, ఆ జంటకి మాత్రమే సరే అంటారు. మన పెట్టె మీద 'యూనివర్సల్' అని ఉంటుంది. ఆల్టోకీ అదే, ఆటోకీ అదే, అంబాసిడర్‌కీ అదే. జాతకాలు చూడకుండా మనం చేసే ఏకైక పెళ్లి ఇదేనేమో.

మరి ఆ గుడ్డికారుకి గతేమిటి? విజయవాడ ఆటోనగర్‌లో పాత ఎలక్ట్రీషియన్ల దగ్గరికి వెళ్లండి, కొందరు ఇంకా ఉన్నారు. "మేస్త్రిగారూ, లైటు చాలడం లేదు, మంచి ఎల్‌ఈడీ వేయండి" అంటే ఆయన బల్బు జోలికే పోడు. మీటరు తీసి ముందు బ్యాటరీకి, తర్వాత బల్బు కాళ్లకి పెడతాడు. "బాబూ, ఇక్కడ 12.8 ఉంది. అక్కడికెళ్లేసరికి 11. మధ్యలో తినేసిందెవరో చూద్దామా?" తినేసినవాళ్లు చాలామందే ఉంటారు. రెండు బల్బుల కరెంటు, పది ఆంపియర్లు, డాష్‌బోర్డులోని 50 ఏళ్ల స్విచ్చి గుండా పోతుంది. అక్కడి నుంచి ఎడమ కాలితో తొక్కే డిప్పర్ స్విచ్చికి. చెప్పుల బురద, వానాకాలం తడి అంతా దాని నెత్తినే. ఆ తర్వాత గుడ్డ చుట్టిన పాతవైర్లు, చివరికి తుప్పు పట్టిన ఎర్త్ స్క్రూ. వోల్టేజీ 14 శాతం తగ్గితే హాలోజెన్ వెలుగు 14 శాతమే తగ్గుతుందనుకునేరు, దాదాపు 40 శాతం పోతుంది. బల్బు పాపం ఇంతకాలం సగం ఆకలితో పనిచేస్తోంది. కొత్త బల్బు తెచ్చినా అదే ఇంట్లో కాపురం చేయాలి.

మేస్త్రి రెండు రిలేలు పెడతాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావుపాటి వైరు నేరుగా బల్బుకి లాగుతాడు. పాతస్విచ్చి ఇక ఆజ్ఞ ఇస్తుంది, బరువు మోయదు. ఎర్త్ స్క్రూ కింద రంగు గోకి ఇనుము కనబడేలా చేస్తాడు. డూము లోపలి వెండిపూత నల్లబడి ఉంటే ఇక దాన్ని తీసేయాల్సిందే. ఏడంగుళాల గుండ్రటి హెచ్4 డూము, బుల్లెట్ బండికి పట్టేదే, ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. తర్వాత కారుని గోడకి పది మీటర్ల దూరంలో సమంగా నిలబెట్టి, డిమ్ము వేసి, వెలుగు గీత దీపం ఎత్తుకంటే పది సెంటీమీటర్లు కిందికి దిగేదాకా స్క్రూ తిప్పుతాడు. అయిపోయింది. ఆ పాత 55 వాట్ల బల్బే మొదటిసారి 55 వాట్లుగా వెలుగుతుంది. బయటి నుంచి చూస్తే కారు 1965లో ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఏ నిష్ఠాగరిష్ఠుడూ వంక పెట్టలేడు.

లోపమంతా అక్కడే ఉంది. బయటికి ఏమీ కనబడదు. రిలేని ఫొటో తీసి ఎవరికి చూపిస్తాడు? "మా కారుకి ఎర్త్ గోకించాం" అని విందులో చెప్పుకుంటే ఎవరు నోరు తెరుస్తారు? ల్యూమెన్లైతే చెప్పుకోవచ్చు. మీది పదివేలా, మాది ఇరవై. పైగా పెళ్లికి ముందు ఫొటోలు తీసేవాళ్లకి ఆ నీలపు వెలుగు, పొగ, మధ్యలో వధూవరులు భలే కుదురుతాయట. అద్దె కూడా వస్తుంది.

మొన్నటికి మొన్న మనవాడు రాత్రిపూట కారులో విజయవాడ వెళ్లొచ్చాడు. ఏం చేస్తే అది రిపేరు కిందికి వస్తుందో అంతా ముందే ఆలోచించుకున్నాడు. తిరిగొచ్చాక ఒకటే రుసరుస. ఈ దేశంలో రోడ్డు మర్యాద తెలిసినవాడు ఒక్కడూ లేడట. తను బుద్ధిగా డిమ్ములోనే నడుపుతుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ బ్రైటు కొట్టి, కొట్టి, కళ్లు పోగొట్టాడట. లారీవాడొకడు పక్కకొచ్చి ఏదో తిట్టాడు కూడానట, ఎందుకో అర్థం కాలేదట. అందుకని బంపరు మీద అదనంగా రెండు ఫాగ్ ల్యాంపులకి ఆర్డరిచ్చాడు, పులిబొమ్మవే.