ఏ విమానం కడుతున్నారు?

ప్లాస్టిక్ విమానాలు అంటించుకుంటూ బతికే మా మాలోకాల్లోనూ హెచ్చుతగ్గులున్నాయి. యుద్ధవిమానాలు కట్టేవాళ్ళది పైమెట్టు. పైలట్ సీటు బెల్టుకి ఆవగింజంత బకిల్ అతికిస్తారు, ఇంజన్ వెనక పొగమసి పూస్తారు, రంగు పెచ్చులూడి లోపలి లోహం కనపడుతున్నట్టు వేస్తారు. ఆ విద్యంతా చూపించాక మా వైపు తిరిగి, "మీకేముందండీ, తెల్ల గొట్టానికి రెండు రెక్కలు" అంటారు. ప్రయాణికుల విమానాలంటే అంత చులకన. పైకి ఒప్పుకోం గానీ ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బోయింగ్ 737కీ, ఎయిర్‌బస్ 320కీ తేడా ఏమిటో మా ఆవిడకి ముక్కు, తోక బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఓపిగ్గా విని, "ఇంతకీ దేంట్లో టిఫిన్ బాగా పెడతారు?" అంది.

ఈసారి మా హైదరాబాద్ బృందం పంతం పట్టి గ్రూప్ బిల్డ్‌కి ప్రయాణికుల విమానాలనే పెట్టుకుంది. గ్రూప్ బిల్డ్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అందరూ కలిసి ఒక అంశం అనుకోవడం, గడువు పెట్టుకోవడం, ఎవరింట్లో వాళ్ళు తలుపులేసుకుని కట్టుకోవడం, ఆఖర్న అన్నీ ఒకే బల్ల మీద పెట్టి పైకి మెచ్చుకుంటూ లోలోపల పక్కవాడి అతుకులు లెక్కపెట్టుకోవడం. మొదలు దసరా, గడువు సంక్రాంతి. కార్తీక మాసం కూడా వెళ్ళిపోయింది. ఇంతవరకూ ఒక్కరి డబ్బా మూతా లేవలేదు. ఏ విమానం కట్టాలో తేలితేగా!

అసలు ప్రయాణికుల విమానం అంటే ఏది అన్న దగ్గరే కొన్ని వారాలు పోయాయి. మాలో కూకట్‌పల్లి డెంటిస్టు ఒకాయన ఉన్నాడు. ఆయన అటకెక్కించిన కిట్లలో ఆంటొనోవ్ 225 ఉంది. ఆరు ఇంజన్లు, 32 చక్రాలతో ప్రపంచంలోకెల్లా పెద్దదనిపించుకున్న సరుకుల విమానం. 2016 మే నెలలో అది శంషాబాద్‌లో దిగినప్పుడు ఈయన క్లినిక్ మూసేసి చూడటానికి వెళ్ళాడు. అప్పట్నుంచీ కడతాను కడతాను అంటూనే ఉన్నాడు.

"అది సరుకుల బండి కదా డాక్టరుగారూ" అన్నాం.

"సిబ్బంది ఎక్కరా? వాళ్ళు మనుషులు కారా? మనుషులెక్కాక ప్రయాణికులే కదా!" అన్నాడు, పన్ను పీకేముందు నొప్పి ఉండదని చెప్పే గొంతుతో.

మెత్తబడితే రేపు ఇంకొకడు తిమింగలం ఆకారపు సరుకుల విమానం బెలూగాని పట్టుకొస్తాడని భయపడి, టికెట్టు కొనుక్కుని ఎక్కగలిగినదే ప్రయాణికుల విమానమని తీర్మానం చేశాం. ఆయన ఇప్పటికీ దాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్తానంటూనే ఉన్నాడు.

తర్వాత స్కేలు. ఈ విమానాలకి లోకమంతా నడిచేది 1/144. అంటే అసలు విమానంలో 12 అడుగులు మన బల్ల మీద ఒక్క అంగుళం. వినడానికి బాగా చిన్నగా ఉంటుంది. చిన్నదే కదా అనుకుని ఎయిర్‌బస్ 380 తెచ్చుకున్నవాళ్ళని అడగండి. పొడవు 50 సెంటీమీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 55. మధ్యతరగతి ఇంట్లో అంత చదరం ఖాళీగా ఉండే చోటు డైనింగ్ టేబుల్ ఒక్కటే. దాని మీద ఊరగాయ జాడీల మధ్య విమానం దింపడానికి ఏ ఇల్లాలూ అనుమతి ఇవ్వదు. మా ఇంట్లో షోకేసు లోతు 40 సెంటీమీటర్లు. అందులో సగం మా అమ్మాయి స్కూల్లో గెలిచిన కప్పులే. కాబట్టి నా మట్టుకు నేను ఎంపికని ఇంచుటేపుతో మొదలుపెట్టాను.

కాంకార్డ్ సంగతి వేరు. అది అందరికీ కావాలి. పొడవు 43 సెంటీమీటర్లున్నా రెక్కలు 18కి మించవు కాబట్టి షోకేసులో ఏటవాలుగా దూరుతుంది. తెల్ల గొట్టమని ఎవడూ అనలేడు. అయితే చిక్కేమిటంటే, ప్రపంచం మొత్తం మీద ప్రయాణికులతో తిరిగిన కాంకార్డులే 14. మా వాళ్ళని వదిలేస్తే అందులో సగం మియాపూర్, మలక్‌పేటల మధ్యే తయారయ్యేట్టున్నాయి. చీట్లు వేశాం. కాంకార్డ్ ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి వచ్చింది. వాడు ఇంతవరకూ ఒక్క కిట్టూ పూర్తి చేసిన పాపాన పోలేదు కాబట్టి, కాంకార్డ్ మళ్ళీ ఎగరదని అందరం స్థిమితపడ్డాం.

మాలో మొదటి రోజే తేల్చుకున్న మనిషి ఒకే ఒక్కరు, రైల్వేలో రిటైరైన పెద్దాయన. ఆయన మాట ఒకటే, దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ అది. మన బేగంపేట నుంచే నడిచింది. 1953లో ప్రభుత్వం జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసిన ఎనిమిది కంపెనీల్లో అదొకటి. పైగా 1/144లో డకోటా రెక్కలు 20 సెంటీమీటర్లే, జానెడుకి లోపు. ఆయన ఎంపికకి వంక పెట్టడానికి లేదు. అందుకని అందరం కలిసి పెట్టాం.

గొడవ తలుపు దగ్గర మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలించుకున్న డకోటాలెన్నో పౌరసేవలోకి వచ్చాయి. సైన్యానివైతే వెనక ఎడమ పక్కన జీపు పట్టేంత పెద్ద తలుపు ఉంటుంది. మొదట్నుంచీ ప్రయాణికుల కోసం చేసినవైతే మనిషి పట్టేంత చిన్నది. పెద్దాయన కట్టబోయే విమానానికి ఏ తలుపు? ఆ తర్వాత పక్కన గీత రంగు. దొరికిన ఫోటోలన్నీ నలుపు తెలుపు. అందులో ఎరుపూ బూడిదే, ఆకుపచ్చా బూడిదే, నీలమూ బూడిదే. ఒకరు నిజాం జెండాని బట్టి పసుపన్నారు. ఒకరు టాటాలని బట్టి నీలమన్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అబ్బాయిలూ, మీరు పుట్టక ముందు మేం మనుషుల్ని కూడా ఇలా బూడిద రంగు ఫోటోలు చూసే పెళ్ళి చేసుకున్నాం. ఎవరూ చచ్చిపోలేదు" అన్నారు. గీత రంగు మీద చర్చ ఆగింది. తలుపు మీద ఇంకా నడుస్తోంది.

ఇక నా గోడు. నేను మనసుపడ్డది ఎయిరిండియా జంబో మీద. 1971 నుంచి ఎయిరిండియా నడిపిన బోయింగ్ 747లకి చక్రవర్తుల పేర్లు పెట్టేవాళ్ళు. అశోకుడు, షాజహాన్, రాజేంద్ర చోళుడు, అక్బరు. వాటిలో ఒకటి శ్రీకృష్ణదేవరాయలు. తెలుగువాడిగా పుట్టి, ప్లాస్టిక్ అంటించే అలవాటు పెట్టుకుని, రాయలవారిని కట్టకుండా ఎలా పోతాను? అశోకుడు, కనిష్కుడు మాత్రం వద్దని ముందే అనుకున్నాం. ఒకటి 1978లో, ఒకటి 1985లో సముద్రంలో పడ్డాయి. ఎన్నో ఇళ్ళ దుఃఖం అది, దాని జోలికి సరదాకి వెళ్ళకూడదు.

ఆ జంబో అందమంతా కిటికీల్లో ఉంది. ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి గవాక్షం, రాజస్థాన్ కోటల్లో ఝరోఖాల మాదిరి. మోడల్ మీద ఇది బ్రష్షు పని కాదు, డెకాల్ పని. డెకాల్ అంటే పల్చటి పొర మీద అచ్చేసిన బొమ్మ. వేలెడు వెడల్పున కత్తిరించి గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే అరనిమిషానికి కాగితం మీద జారడం మొదలుపెడుతుంది. అప్పుడు ట్వీజర్‌తో పట్టుకుని, బొమ్మని వేలితో నెమ్మదిగా విమానం మీదకి నెట్టాలి. ఝరోఖాలది మూరెడు పట్టీ. ఒక కొస ముక్కు దగ్గర నిలబెట్టేసరికి రెండో కొస రెక్క దగ్గర తనని తాను చుట్టుకుంటుంది. దాన్ని విప్పబోతే తలుపు దగ్గర తెగుతుంది. ఈ లోపల ఫ్యాను వేయకూడదు, దగ్గకూడదు, ఫోను మోగకూడదు. బ్యాంకువాళ్ళు సరిగ్గా అప్పుడే లోను కావాలా అని అడుగుతారు.

డెకాల్ దాకా రావాలంటే ముందు తెలుపు వేయాలి. తెల్ల గొట్టమని వెక్కిరించేవాళ్ళు ఒక్కసారి తెలుపు వేసి చూడమనండి. రంగులన్నిట్లోకీ మొండిది అదే. కింద ఉన్నదాన్ని కప్పదు. మందంగా వేస్తే కారుతుంది, పల్చగా వేస్తే పాలు విరిగినట్టుంటుంది. పొర మీద పొర ఎన్నో వేయాలి, ప్రతి పొరకీ మధ్య ఉప్పు కాగితం పట్టాలి. అన్నీ అయ్యాక ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ నుంచి ఒక సిమెంటు రేణువు వచ్చి సరిగ్గా మధ్యలో వాలుతుంది. యుద్ధవిమానం మీద వాలితే దాన్ని యుద్ధం ఖాతాలో రాసేయొచ్చు. ఎయిరిండియా ఖాతాలో రాయడానికి లేదు.

వీటన్నిటికీ తెగించాను. కిట్టూ డెకాళ్ళూ డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఇంటికి తెప్పించి ఉంచాను, సెలవులకి వస్తూ తెస్తాడని. బయల్దేరేముందు ఫోన్ చేశాడు. "బావా, పెట్టెలో ఒక్కదానికే చోటుంది. నీ విమానం డబ్బానా, అక్క చెప్పిన బాదంపప్పూ విటమిన్ మాత్రలా?" ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ పక్కనే ఉంది. గజపతులని గెలిచిన రాయలవారు బాదంపప్పు చేతిలో ఓడిపోయారు.

అదిగో, ఆ వైరాగ్యంలో పాత వార్తలు తిరగేస్తుంటే తగిలింది నా విమానం. 2022 నవంబరులో ఒక హోటల్ వాళ్ళు సేవలోంచి తీసేసిన పాత ఎయిర్‌బస్ కొని, హోటల్‌గా మారుద్దామని కేరళ నుంచి హైదరాబాద్‌కి ట్రైలర్ లారీ మీద తెస్తున్నారు. బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్‌లో అది ఇరుక్కుపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చి చూశారు, ఫోటోలు తీసుకున్నారు. తర్వాత పోలీసులు సాయం పట్టి బయటికి తీయించారు.

ఇంతకంటే తెలుగు విమానం ఇంకేం కావాలి? సౌకర్యాలు చూడండి. ఎయిర్‌బస్ 320 పొడవు 26 సెంటీమీటర్లు, షోకేసులో పడుతుంది. రెక్కలు ఊడదీసి తెచ్చారు కాబట్టి అంటించే పని లేదు, ఇంజన్ల పని లేదు. తెలుపు కుదరకపోతే రోడ్డు దుమ్ము. మరకపడితే అది నెల్లూరు దగ్గర పడిందని చెప్పొచ్చు. యుద్ధవిమానాలవాళ్ళ మసి, తుప్పు విద్యలన్నీ ఇక్కడ చెల్లుతాయి. మా ఆవిడకి చెప్తే, అంతా విని, "అయితే ఆ 320లో టిఫిన్ పెడతారన్నమాట" అంది. ఆమెకి ఒక విమానం నంబరు గుర్తుండటం ఇదే మొదలు.

డెంటిస్టు ఊరుకుంటాడా? "లారీ మీద వెళ్ళేది సరుకు. నా ఆంటొనోవ్‌ని ఆపిన రూలు దీనికి వర్తించదా?" అని లేచాడు. ఒకప్పుడు టికెట్టు కొనుక్కుని ఎక్కారు, రేపు బిల్లు కట్టి ఎక్కుతారు, మధ్యలో అండర్‌పాస్‌లో ఆగినంత మాత్రాన జాతి మారదని వాదించాను. పెద్దాయన నా పక్షం వహించారు, డకోటా తలుపు విషయంలో నేను ఆయన పక్షం వహించాలన్న షరతు మీద.

మిగిలిన ఇబ్బంది జనంతో. 1/144లో అయిదున్నర అడుగుల మనిషి 12 మిల్లీమీటర్లు కూడా ఉండడు. రైలు బొమ్మల వాళ్ళు ఇంచుమించు ఆ సైజు మనుషుల్ని అమ్ముతారు గానీ వాళ్ళంతా కోట్లూ టోపీలూ వేసుకున్న దొరలు. లుంగీ పైకి మడిచి కట్టుకున్నవాణ్ణి, సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్నవాణ్ణి, "కొంచెం ఎడమకి కొట్టు, ఇంకొంచెం" అని డ్రైవర్‌కి ఉచిత సలహా ఇచ్చేవాణ్ణి ఎవరూ తయారుచేయట్లేదు. వాళ్ళని నేనే మలుచుకుంటాను.

అండర్‌పాస్ మాత్రం ఊహించి కట్టలేను. మీలో ఎవరైనా మేదరమెట్ల మీదుగా వెళ్తుంటే, వచ్చే పోయే బండ్లు చూసుకుని, దాని ఎత్తూ వెడల్పూ టేపుతో కొలిచి పంపించండి. సంక్రాంతి లోపల అందాలి.