ఒక్క సిట్టింగులో విముక్తి, జీఎస్టీ అదనం

ఇప్పుడు బెంగళూరులో మనసుకు ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒక్క సిట్టింగే. కళ్ళెదుటే లారీ కింద తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడికి ఒక్క సిట్టింగు. ఆఫీసులో ప్రమోషన్ రానివాడికీ ఒక్క సిట్టింగే. సమానత్వం అంటే ఇదీ! ఆదివారం పొద్దున పదింటికి కూర్చోబెడతారు, కళ్ళముందు వేలు ఆడిస్తారు, ఏడిపిస్తారు, ఒంటిగంటకు లేపుతారు. గాయం పోయింది. సర్టిఫికెట్ కూడా చేతికిస్తారు. గాయం పోయినట్టు కాదు లెండి, కోర్సు పూర్తి చేసినట్టు. ఇంకో రెండు ఆదివారాలకు డబ్బు కడితే రోగి కాస్తా వైద్యుడైపోయి, తనూ ఒక బోర్డు పెట్టుకోవచ్చు. ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్ళు ఎందుకు తగలేస్తున్నారో ఎవరైనా విచారణ జరిపించాలి.

చిక్కపేటలో కూడా ఇలాంటి బోర్డొకటి వెలిసింది. కింద పట్టుచీరలు, నడిమి అంతస్తులో జాకెట్ లైనింగులు, పైన మనశ్శాంతి. మెట్లు ఎంత ఇరుకంటే, ఒకరు దిగాలంటే ఎక్కేవాళ్ళు గోడకు అంటుకుపోవాలి. పాంప్లెట్ మీద మెదడు బొమ్మలు రెండు. ఎర్రటిది సిట్టింగుకు ముందు, నీలంది తర్వాత. వాటి కింద ‘క్లినికల్లీ ప్రూవెన్’ అని బంగారు అక్షరాలు. ఏ క్లినిక్కులో, ఎవరు, ఎంతమంది మీద ప్రూవ్ చేశారో రాయడానికి చోటు చాలలేదు పాపం. ఫీజు 7,999 రూపాయలు, జీఎస్టీ అదనం అని రాయడానికి మాత్రం చాలింది.

ఇంకో పేటలో అయితే ఊరుకుందును. చిక్కపేటలో జరగడమే విడ్డూరం. ఇక్కడ ఎవరూ ఏదీ మాట మీద కొనరు. అందులోనూ మదనపల్లె నుంచీ హిందూపురం నుంచీ పెళ్ళిబట్టలకని బస్సు దిగే మన సీమ ఆడవాళ్ళు అస్సలు కొనరు. ఆ మేడ కిందనే ఉన్న అంగట్లో ఒక పెద్దావిడ బేరం చూస్తూ నిలబడ్డాను. సేల్స్‌మన్ పద్నాలుగు వేల చీర పరిచి, “ప్యూర్ సిల్కు పెద్దమ్మా, నాది గ్యారంటీ” అన్నాడు. ఆమె వాడి గ్యారంటీని పట్టించుకోలేదు. కొంగు చివర వేలాడుతున్న కుచ్చుల్లోంచి పడుగు పోగొకటి, కొంగు అంచున వదులైన పేక పోగొకటి లాగి, “అగ్గిపెట్టె తే నాయనా” అంది. పడుగు పోగు కాలింది, వెంట్రుక కాలిన కంపు కొట్టింది, వేళ్ళ మధ్య చిదిపితే బూడిద పొడిపొడి అయింది. పేక పోగు మాత్రం కరిగి నల్లపూసలా గడ్డకట్టింది. “పడుగు పట్టేలేప్పా. పేక నీ మాట మాదిరే ఉండాది” అని చీర మడిచి వాడి చేతిలోనే పెట్టింది.

ఇంతలో కోడలు ఆ పాంప్లెట్ చదువుతోంది. స్కూటర్ మీద పోతుంటే లారీ గుద్దినప్పటినుంచీ పిల్లోడికి రాత్రుళ్ళు నిద్ర లేదట. హారన్ మోగితే చాలు బిగుసుకుపోతాడట. ఆ రోడ్డు మీదుగా బడికి పొమ్మంటే పోడట. “పైన చూపిచ్చుకోని పోదామా అత్తా? ప్రూవయిందంటండాది” అంది. అత్త ఒక్క ప్రశ్న అడగలేదు. అగ్గిపెట్టె గల్లాపెట్టె మీదే వదిలేసి మెట్లెక్కింది.

చీరకున్న జాగ్రత్త మనవడికి లేదని ఆమెను ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. పోగు కాల్చి చూడమని ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. వైద్యాన్ని కాల్చి చూడడం ఎలాగో మనకెవరూ నేర్పలేదు. క్లినికల్ ట్రయల్ అంటే అంతకు మించి బ్రహ్మవిద్యేమీ కాదు, ఆ అగ్గిపుల్లే. ఒకే రకం బాధ ఉన్నవాళ్ళను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు వైద్యం ఇస్తారు, ఇంకో గుంపుకు ఇవ్వరు, లేదా వేరేది ఇస్తారు. ఎవరికేది అందిందో తెలియనివాళ్ళ చేత నెలల తర్వాత లెక్క తీయిస్తారు.

రెండో గుంపు ఎందుకంటారా? మేడమీది గురువుగారు సరిగ్గా అదే అడుగుతారు, “మా దగ్గరికొచ్చినవాళ్ళకు నయమైంది కదా, ఇంకేం కావాలి?” అని. అమెరికాలో బార్బరా రోత్‌బామ్ బృందం 1992లో ఒక లెక్క అచ్చువేసింది. లైంగిక దాడికి గురైన స్త్రీలను వారం వారం పలకరిస్తూ పోయారు. దాడి జరిగిన రెండు వారాల లోపు చూస్తే వాళ్ళలో 94 శాతం మందిలో పీడకలలు, ఉలికిపాటు, జరిగిందే కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం లాంటి లక్షణాలన్నీ ఉన్నాయి. మూడు నెలలకు అవి 47 శాతం మందిలోనే మిగిలాయి. అంటే సగంమంది తమంతట తామే తేరుకున్నారు. ఇప్పుడు మన గురువుగారు మొదటి వారంలో వందమందిని కూర్చోబెట్టి గాల్లో ముగ్గులేశారనుకోండి. మూడు నెలలకు నలభై ఏడుమంది వచ్చి కాళ్ళకు మొక్కుతారు. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగాయి. కాకి ఇప్పుడు ఫీజు వసూలు చేస్తోంది. తేరుకోని మిగతావాళ్ళ మాటేమిటని అడిగితే, “వాళ్ళు మనస్ఫూర్తిగా లొంగలేదండీ” అంటారు. నయమైతే గురువు గొప్ప, కాకపోతే రోగి తప్పు. ఇంత పకడ్బందీ వ్యాపారం కింద పట్టు అంగడివాడికి కూడా చేతకాలేదు.

కోటు వేసుకున్నవాళ్ళేమీ తక్కువ తినలేదు. అమెరికాలో అగ్నిమాపక దళంలో పనిచేసి వచ్చిన జెఫ్రీ మిచెల్ 1983లో డీబ్రీఫింగ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు. ఘోరం జరిగిన రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏం చూశావు, ఏమనిపించింది అని పూసగుచ్చినట్టు చెప్పించాలి. కక్కేస్తే కడుపు తేలికవుతుందన్న లోకజ్ఞానం. పోలీసులూ బ్యాంకులూ విమాన సంస్థలూ ఎగబడి వాడేశాయి. అగ్గిపుల్ల గీయడానికి పదేళ్ళు దాటింది. జొనాథన్ బిసన్ బృందం 1997లో వెల్లడించిన పరీక్షలో కాలిన గాయాలతో చేరిన 133 మందిని తీసుకుని కొందరికి డీబ్రీఫింగ్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. పదమూడు నెలలకు చూస్తే, ఏ కౌన్సెలింగూ లేనివాళ్ళలో 9 శాతానికి దెబ్బ మనసులో పాతుకుపోయే జబ్బు, పీటీఎస్‌డీ ఉంది. కూర్చోబెట్టి చెప్పించినవాళ్ళలో 26 శాతానికి ఉంది! చెప్పించిన గుంపువాళ్ళు మొదట్లోనే కాస్త ఎక్కువ కాలి ఉన్నారనీ, తేడాలో కొంత దానివల్ల కావచ్చనీ ఆ పరిశోధకులే బయటపెట్టారు. తమ లెక్కలోని లొసుగును తామే ఎత్తి చూపే పాంప్లెట్ ఎక్కడైనా చూశారా? ఆ తర్వాత ఇలాంటి పరీక్షలన్నీ జల్లెడపట్టిన కోక్రేన్ సమీక్ష, ఒక్క సిట్టింగు డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపుతుందనడానికి ఆధారం లేదనీ, బాధితుల మీద దాన్ని బలవంతంగా రుద్దడం మానమనీ తేల్చింది.

అయినా మన టీవీవాళ్ళకు ఈ కబురు ఇంకా అందలేదు. బస్సు బోల్తా పడిన గంటలో మైకు పట్టుకుని, “ఆ క్షణంలో మీకేమనిపించిందమ్మా?” అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళది ఉచిత డీబ్రీఫింగ్, అదే కాస్త ఊరట. ఇంకో పక్క వీధి చివర మందుల షాపు ఉండనే ఉంది. భయపడ్డాడంటే నిద్రమాత్ర. దెబ్బ తగిలిన మొదటి నెలలో ఆ జాతి మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది గానీ, చీటీ లేకుండా ఇచ్చేవాడు మార్గదర్శకాలు చదువుతాడా?

మందుల కథ చూడండి. ప్రజోసిన్ అనే పాత బీపీ మందు పీడకలలను ఆపుతుందని చిన్న చిన్న పరీక్షల్లో ఆశ పుట్టింది. ఆ ఆశ పెట్టుకున్నవాళ్ళే 304 మంది మాజీ సైనికుల మీద పెద్ద పరీక్ష చేసి, ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనబడలేదని 2018లో అచ్చు వేయించుకున్నారు. ఎండీఎంఏ సంగతి మరీ రసవత్తరం. పార్టీల్లో చాటుగా మింగే మత్తుమందు పీటీఎస్‌డీకి సంజీవని అని ఏళ్ళ తరబడి పత్రికలు ఊదరగొట్టాయి. చివరికి 2024 జూన్ 4న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకొస్తే, అది పనిచేస్తుందన్న దానికి ఇద్దరు ఓటేశారు, లేదన్న దానికి తొమ్మిదిమంది. ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది. చిక్కంతా ఎక్కడంటే, ఎవరికి అసలు మందు అందిందో ఎవరికి ఉత్తిది అందిందో మింగిన గంటకల్లా దాదాపు అందరికీ తెలిసిపోతుంది. తెలిశాక ఇంక లెక్కేముంది?

కళ్ళముందు వేలు ఆడించే వైద్యం కూడా ఒకటుంది, ఈఎండీఆర్. ఫ్రాన్సిన్ షాపిరో 1989లో దీన్ని లోకానికి చెప్పింది. ఇది పనిచేస్తుంది కూడా, ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేసింది. కాకపోతే అందులో వేలి మహిమ ఎంత, భయపెట్టే జ్ఞాపకాన్ని నిపుణుడి తోడుతో ఎదుర్కోవడంలోని మహిమ ఎంత అన్న పేచీ ఇంకా తెగలేదు. మన మేడమీదివాళ్ళు మాత్రం పేచీని ఒక్క వేటుతో తెంచేశారు. కష్టమైన భాగం కింద పారేసి, వేలు ఉంచుకున్నారు.

మరి గట్టిగా నిలబడినవి ఏమిటంటే, చాలా నీరసమైన జాబితా. ఎడ్నా ఫోవా రూపుదిద్దిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ లాంటి, గాయం మీదే పనిచేసే మాటల వైద్యాలు. సెర్ట్రలిన్, పారాక్సెటిన్ అనే రెండు పాత మాత్రలు. మాటల వైద్యానికి వారానికొకసారి చొప్పున రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో భరించలేక మానేసేవాళ్ళుంటారు. పూర్తిచేసినా అందరికీ నయం కాదు. ఇంత నిజాయితీ బోర్డు మీద రాస్తే ఎవడు మెట్లెక్కుతాడు?

ఇదంతా ఎక్కడో పరదేశాల గొడవ అనుకోకండి. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు మూలమైన పాత పిచ్చాసుపత్రి 19వ శతాబ్దంలో ఈ పేట ప్రాంతంలోనే ఉండేది. ఇప్పుడు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, హోసూరు రోడ్డు మీద ఉంది. ఈ ఊళ్ళోనే 1981 ఫిబ్రవరి 7న వీనస్ సర్కస్ గుడారం అంటుకుని 92 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అమెరికన్ మనోవైద్యులు తమ జాబితాలో పీటీఎస్‌డీ అన్న పేరు చేర్చి అప్పటికి ఏడాది. నిమ్హాన్స్‌వాళ్ళు అందులో తమవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళ దుఃఖాన్ని అధ్యయనం చేసి 1987లో అచ్చువేశారు. భోపాల్‌లో విషవాయువు లీకయ్యాక ఆర్. శ్రీనివాసమూర్తి బృందం ఇక్కణ్ణుంచే వెళ్ళి, అక్కడి మామూలు డాక్టర్లకు మనోవైద్యం నేర్పింది. అలాంటి చోటుకు పోవాలంటే మనవాళ్ళకు నామోషీ. “అది పిచ్చాసుపత్రి కదా, పెళ్ళి సంబంధాలు చెడతాయి” అంటారు. మేడమీదికి పోతే “వర్క్‌షాపు” అని చెప్పుకోవచ్చు.

పెద్దాసుపత్రిని నెత్తిన పెట్టుకోమనడం లేదు. అక్కడ పొద్దున వెళితే సాయంత్రం, వరసలో నిలబడేటప్పటికే సగం రోగం. మన దేశంలో దెబ్బతిన్నవాళ్ళు ఎంతమందని లెక్కపెట్టిన అధ్యయనాలు కుప్పలు. ఏ చికిత్స పనిచేస్తుందో ఇక్కడి మనుషుల మీద, ఇక్కడి భాషల్లో పరీక్షించినవి పిడికెడు. ఆ ఖాళీలోనే బోర్డులు మొలుస్తున్నాయి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు చిక్కపేట గోడల మీద నాకు కనబడలేదు. పైల్స్ వైద్యుడి నంబరు మాత్రం ప్రతి స్తంభానికీ ఉంది.

మా సీమ పల్లెల్లో జడుపు తీసే ముసలాయన కూడా ఇలాగే విభూది పెట్టి ఊది పంపేవాడు. ఆయన్ని వెనకేసుకు రావడం లేదు గానీ, టెంకాయ తప్ప పైసా ముట్టలేదు, మెదడు బొమ్మ చూపించలేదు. “ఇంకా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకపోండి” అని ఆయనే చెప్పేవాడు. ఆ ఒక్క వాక్యం పాంప్లెట్ మీద నాకు ఎంత వెతికినా దొరకలేదు.

ఇంతకీ ‘క్లినికల్లీ ప్రూవెన్’ను కాల్చి చూసే అగ్గిపెట్టె మన దగ్గరా ఉంది. 2007 జూలైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా (సీటీఆర్‌ఐ) అని వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పెట్టింది. 2009 జూన్ నుంచి మన దేశంలో మందుల ట్రయలైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే అందులో నమోదు కావాలి. ఎవరైనా ఊరికే తెరిచి చూసుకోవచ్చు. ఏ వైద్యం, ఎంతమంది మీద, ఎవరి డబ్బుతో, దేన్ని కొలుస్తారు, అన్నీ ముందే రాసి ఉంటాయి. కొలిచాక మాట మార్చకుండా కట్టడి.

మేడమీది గురువుగారిని మర్యాదగానే అడిగాను: “స్వామీ, ప్రూవ్ అయిందన్నారు కదా, మీ ట్రయల్ సీటీఆర్‌ఐ నంబరు ఇస్తారా, చూసుకుంటాను?” ఆయన ఎంతో ప్రసన్నంగా ఫోన్ తీసి, “దానికేం సార్, రాసుకోండి” అని పది అంకెలు చెప్పారు. రాసుకున్నాను. కొట్టి చూస్తే గూగుల్ పే తెరుచుకుంది.